నేల మీద నాలుగు నెలలు: సరదా పైలట్‌కు వానకాలపు వ్యాపకాలు

మృగశిర కార్తె ప్రవేశించగానే మన దగ్గర రైతులు విత్తనాలు సిద్ధం చేసుకుంటారు. సరదా కోసం చిన్న విమానం నడిపేవారు మాత్రం లాగ్‌బుక్ మూసి బీరువాలో పెడతారు. జూన్ రెండో వారం నుంచి సెప్టెంబరు చివరి దాకా తెలంగాణ మీద మేఘాలు బాగా కిందికి దిగి ఉంటాయి. కంటిచూపును నమ్ముకొని ఎగిరే పైలట్‌కు కనీసం 5 కిలోమీటర్ల దూరం స్పష్టంగా కనిపించాలి. మేఘానికి పక్కగా 1,500 మీటర్లు, నిలువుగా 300 మీటర్లు ఎడం ఉండాలి. ముసురు పట్టిన రోజున ఇది కుదరదు, ముసురు విడిచిన రోజున మధ్యాహ్నానికల్లా ఉరుముల మేఘం లేస్తుంది.

నేను హన్మకొండలో ఉంటాను. నిజాం కాలం నాటి మామునూరు విమానాశ్రయం దశాబ్దాలుగా మూతపడి ఉండడం వల్ల, దాని పునరుద్ధరణకు 2025లో కేంద్రం అనుమతి ఇచ్చినా, ఎగరాలంటే ఇప్పటికీ హైదరాబాద్ శివారుకే వెళ్ళి రెండు సీట్ల సెస్నా 152 ఎక్కుతాను. ఒక ఏడాది ఈ నాలుగు నెలలూ విమానం ఊసే ఎత్తకుండా గడిపాను. అక్టోబరులో తిరిగి ఎక్కిన రోజున, దిగడానికి ఇంజను వేగం తగ్గించే ముందు, ఇంధనాన్ని గాలితో కలిపే కార్బ్యురేటర్‌కు వేడిగాలి ఇచ్చే మీటను లాగడం మరిచిపోయాను. పక్కన కూర్చున్న శిక్షకుడు మాట్లాడకుండా చెయ్యి చాపి లాగారు. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే బయట 25 డిగ్రీల వేడి ఉన్నా కార్బ్యురేటర్ లోపల మంచు పేరుకొని ఇంజను బలం తగ్గిపోతుంది. వానలు ఇంకా పూర్తిగా వెనక్కి పోని ఆ రోజుల్లో అది చిన్న మరుపు కాదు. ఆ తరువాతి ఏడాది నుంచి వానకాలాన్ని కూడా ఎగిరే కాలంగానే లెక్క వేసుకుంటున్నాను. విమానం లేకుండా ఓరుగల్లు చుట్టుపక్కల ఆరుబయట ఏమేం చేయవచ్చో, ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను.

మిద్దె మీద మేఘాల లెక్క

దీనికి ఒక స్టీలు గ్లాసు, ఒక థర్మామీటరు, నాలుగైదు మంచు ముక్కలు చాలు. థర్మామీటరు జ్వరం చూసేది కాకుండా ప్రయోగశాలలో వాడే రకం కావాలి. మధ్యాహ్నం రెండు మూడు గంటల వేళ నీడపట్టున గాలి ఎంత వేడిగా ఉందో ముందు రాసుకోండి. తరువాత గ్లాసు సగం వరకు మామూలు నీళ్ళు పోసి, బయటి వైపు పొడి గుడ్డతో శుభ్రంగా తుడవండి. ఒక్కొక్క మంచు ముక్కే వేస్తూ, నెమ్మదిగా కలుపుతూ, గ్లాసు పక్కభాగాన్ని ఏటవాలుగా చూస్తూ ఉండండి. మెరుస్తున్న స్టీలు మీద ఒక చోట ఊపిరి ఊదినట్టు సన్నని మసక కమ్ముతుంది. వేలితో తుడిస్తే గీత పడుతుంది. ఆ క్షణంలో నీళ్ళ ఉష్ణోగ్రత ఎంతో అదే ఇంచుమించు ఆ రోజు గాలికి మంచుబిందువు, అంటే గాలిలోని తేమ నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. తొందరపడి మంచు అంతా ఒకేసారి వేస్తే ఆ క్షణం దాటిపోతుంది కాబట్టి, మసక విడిపోయేటప్పటి ఉష్ణోగ్రత కూడా చూసి రెండింటి సగటు తీసుకోవడం మేలు.

గాలి వేడి 31, మంచుబిందువు 24 అనుకుందాం. తేడా 7. ఒక్కో డిగ్రీకి 400 అడుగుల చొప్పున లెక్కిస్తే, ఆ మధ్యాహ్నం నేల వేడికి లేచిన దూది మేఘాల అడుగుభాగం మీ మిద్దెకు సుమారు 2,800 అడుగుల ఎత్తున ఉంటుంది. ఈ లెక్క నేల నుంచి లేచిన మేఘాలకే సరిపోతుంది. ఆకాశమంతా దుప్పటిలా పరుచుకున్న ముసురు మేఘానికి దీన్ని వాడవద్దు.

మీ లెక్క సరైనదో కాదో ఆ వెంటనే శంషాబాద్ విమానాశ్రయం విడుదల చేసే వాతావరణ నివేదికతో పోల్చుకోవచ్చు. మెటార్ అనే ఈ నివేదికను ఫోనులో ఎవరైనా చదవవచ్చు. అందులో ‘26014కేటీ 6000 ఎస్‌సీటీ020 బీకేఎన్080 27/22 క్యూ1006’ అని ఉంటే, గాలి 260 డిగ్రీల దిక్కు నుంచి 14 నాట్ల (గంటకు సుమారు 26 కిలోమీటర్ల) వేగంతో వీస్తోందని, 6,000 మీటర్ల దాకా కనిపిస్తోందని, ఆకాశాన్ని ఎనిమిది పాళ్ళు చేస్తే మూడు నాలుగు పాళ్ళ మేఘం 2,000 అడుగుల దగ్గర, ఐదు నుంచి ఏడు పాళ్ళ మేఘం 8,000 అడుగుల దగ్గర ఉందని, వేడి 27, మంచుబిందువు 22 అని, వాయుపీడనం 1006 అని అర్థం. 27 లోంచి 22 తీసి 400తో గుణించి చూడండి; కింది మేఘం ఎత్తు వచ్చేస్తుంది. శంషాబాద్ మనకంటే దాదాపు వెయ్యి అడుగులు ఎత్తున ఉందని మాత్రం గుర్తుంచుకోవాలి. రోజుకు ఒక నివేదికను పూర్తిగా విడమరచి నోటుపుస్తకంలో రాస్తే, పదిహేను రోజుల్లో పేపరు చదివినంత తేలికవుతుంది.

కనిపించే దూరాన్ని అంచనా కట్టడానికి కూడా మిద్దె పనికివస్తుంది. మీ ఇంటి నుంచి కనబడే గుట్టలు, నీళ్ళ ట్యాంకులు, సెల్ టవర్లు ఎంతెంత దూరంలో ఉన్నాయో మ్యాపు మీద కొలిచి, దగ్గరి నుంచి దూరానికి వరుసగా రాసుకోండి. హన్మకొండ వారికి పద్మాక్షి గుట్ట, ఇంకాస్త అవతల ఖిలా వరంగల్‌లోని ఏకశిల గుట్ట, పడమట మడికొండ మెట్టుగుట్ట మంచి గుర్తులు. వాన వెలిసిన ఉదయం ఏది దాకా కనిపించింది, తుంపర పడేటప్పుడు ఏది మాయమైంది అని చూసుకుంటే, 5 కిలోమీటర్లు అంటే ఎంత మసకో కంటికి పడుతుంది.

జులైలో మేఘాలు కాస్త విడిన సాయంత్రం చాప వేసుకొని వెల్లకిలా పడుకోండి. కింది మేఘాలు కాజీపేట వైపు నుంచి వరంగల్ వైపుకు, అంటే పడమటి నుంచి తూర్పుకు, పరుగెత్తుతుంటాయి. వాటి సందుల్లోంచి చాలా పైన ఈకల్లాంటి సన్నని మేఘాలు కనబడితే వాటినే కాసేపు చూడండి. నీళ్ళ ట్యాంకు అంచునో కొబ్బరి మట్టనో గుర్తుగా పెట్టుకుంటే, అవి తూర్పు నుంచి పడమటికి కదులుతున్నాయని తెలుస్తుంది. కిందిది రుతుపవనపు గాలి. పైది వానకాలంలో మన నెత్తి మీద 14, 15 కిలోమీటర్ల ఎత్తున వీచే తూర్పు జెట్ గాలి. పాఠ్యపుస్తకంలో బొమ్మగా చూసినదాన్ని ఒకే చూపులో రెండు అంతస్తులుగా చూసిన ఆ సాయంత్రం నాకు ఇప్పటికీ కళ్ళలో ఉంది.

చెరువు కట్ట మీద గాలి

హన్మకొండలో వడ్డేపల్లి చెరువు కట్ట మీద పొద్దున్నే ఎందరో నడుస్తుంటారు. పైలట్ మాత్రం నీళ్ళ వైపు చూస్తూ నడవాలి. గాలి ఏ ఒడ్డు నుంచి వీస్తుందో ఆ ఒడ్డు వెంట నీళ్ళు అద్దంలా నున్నగా ఉంటాయి, ఎదుటి ఒడ్డుకు పోయేకొద్దీ అలలు పెరుగుతాయి. పై నుంచి చూసినప్పుడు కూడా ఇదే గుర్తు. ఇంజను ఆగి ఎక్కడో దిగవలసి వస్తే గాలి దిక్కు చెప్పేది ఆ నున్నటి పట్టీయే. వేగానికి చెట్లను చూడండి. ఆకులు గలగలమంటే గంటకు 6 నుంచి 11 కిలోమీటర్లు, సన్నని రెమ్మలు ఆగకుండా కదులుతుంటే 12 నుంచి 19, దుమ్మూ కాగితాలూ లేస్తుంటే 20 నుంచి 28, చిన్న చెట్లు మొత్తంగా ఊగుతూ చెరువులో తెల్లటి నురగ అక్కడక్కడా కనబడితే 29 నుంచి 38. ముందు మనసులో ఒక అంకె అనుకొని, తరువాతే ఫోనులో చూడాలి. అంకె చూశాక అంచనా వేయడం అభ్యాసం కాదు.

కట్ట మీద కూర్చోవడానికి మరో కారణం పక్షులు. వాన వెలిసి ఎండ కాసిన గంటకు నల్ల గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తాయి. వాటి కింద నేల వేడెక్కి గాలి లేస్తోందన్న మాట. చీలిన తోకను చుక్కానిలా అటూ ఇటూ మెలిపెడుతూ ఆ గాలి నడిమధ్యలో నిలబడడానికి అవి పడే పాటు చూస్తే, విమానం ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్ మీద కాలు ఎంత సున్నితంగా ఉండాలో అర్థమవుతుంది. కొంగ దిగడం ఇంకా దగ్గరగా చూడవచ్చు. నాట్లు వేసే పొలంలో కొంగ దిగేటప్పుడు నేలకు రెండు మూడు అడుగుల పైన ఒళ్ళంతా నిటారుగా లేపుతుంది, రెక్క పైభాగాన చిన్న ఈకలు ఒక్కసారిగా గాలికి లేచి నిలబడతాయి. రెక్క మీద గాలి అంటిపెట్టుకోవడం మానేస్తోందనడానికి ఆ లేచిన ఈకలే గుర్తు. మనం స్టాల్ అంటామే, అదే. కొంగ ఆ అంచున ఉండగానే కాళ్ళు బురదను తాకుతాయి. ఒక మక్కకంకి కాల్పించుకొని తింటూ పది కొంగలు దిగడం చూడండి. గంట ఎలా గడిచిందో తెలియదు.

ఉరుము వినబడితే మాత్రం కట్ట దిగి రావాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ముప్పై సెకన్ల లోపే వినబడితే పక్కా భవనంలోకో మూసిన కారులోకో వెళ్ళి, చివరి ఉరుము తరువాత అరగంట ఆగాలి. చెట్టు కింద నిలబడకూడదు.

పొలాల వెంట నడక

నా దృష్టిలో వానకాలపు పనులన్నిటిలో ఎక్కువ విలువైనది ఇదే. ఇంజను ఆగితే ఎక్కడ దిగాలి అన్న ప్రశ్నకు పైలట్ ఎప్పుడూ జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి. పైనుంచి పొలం రంగు మాత్రమే కనిపిస్తుంది. ఆ రంగు వెనుక ఏముందో తెలియాలంటే పొలంలో నడవాలి.

నర్సంపేట వైపో పరకాల వైపో ఒక ఊరు ఎంచుకొని, జూన్ నుంచి అక్టోబరు దాకా పదిహేను రోజులకు ఒకసారి అదే బాట వెంట వెళ్ళండి. ప్రతిసారీ అవే నాలుగైదు మళ్ళను ఫోటో తీసి, పంట ఎంత ఎత్తుందో, నేల కాలికి ఎలా తగిలిందో రాయండి. జులైలో లేత ఆకుపచ్చగా, చదునుగా, పిలుస్తున్నట్టు కనిపించే వరి మడిలో చీలమండ లోతు నీళ్ళు, దాని కింద మెత్తటి బురద ఉంటాయి. అందులో చక్రం దిగబడితే విమానం ముక్కు మీద తలకిందులయ్యే ప్రమాదముంది. మక్కచేను సెప్టెంబరుకు మనిషిని దాటి పెరుగుతుంది. పత్తి నడుమెత్తు దాటి, కొమ్మలు గట్టిపడి ఉంటుంది. అదే వరి మడి కోత అయ్యాక కొయ్యకాళ్ళతో, గట్టిపడిన నేలతో బాగా పనికివస్తుంది, కాని ఒడ్ల దిక్కు చూసుకొని పొడవు వెంట దిగాలి. అడ్డంగా దిగితే ప్రతి ఒడ్డూ ఒక గోడే.

నేల రకం కూడా తెలుసుకోవాలి. ఒకసారి ఒక చెల్క పక్కన వంగి మట్టి పిసికి చూస్తుంటే అక్కడి పెద్దాయన వచ్చి, “ఏం సారూ, భూమి కొందామని వచ్చిండ్రా?” అని అడిగారు. విషయం చెప్పాను. ఆయన నవ్వకుండా విని, “చెల్కల రెండు రోజులు ఎండ కాస్తే బండి పోతది బిడ్డా. రేగట్ల వారం దినాలైనా ఎద్దు కాలు గుంజుకపోతది” అన్నారు. అప్పటి నుంచి ఎర్రటి చెల్కను, నల్లటి రేగడిని పైనుంచి చూసినప్పుడు ఆ ఎద్దు కాలే గుర్తుకు వస్తుంది.

పైనుంచి కనబడని మరో రెండు ప్రమాదాలు మన ప్రాంతంలో ప్రత్యేకం. ఒకటి బోరు మోటార్లకు పోయే కరెంటు తీగలు. గాలిలోంచి తీగ కనబడదు, స్తంభం కనబడుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఇంకా బాగా కనబడుతుంది. కాబట్టి మోటారు ఎక్కడుందో చూసి, అక్కడికి తీగ ఎటు నుంచి వచ్చి ఉంటుందో ఊహించడం నేల మీదే నేర్చుకోవాలి. రెండోది గడ్డపారలతో తవ్విన పెద్ద వ్యవసాయ బావులు. చుట్టూ గోడ లేనివి ఎన్నో ఉన్నాయి, చుట్టూ పొదలు పెరిగితే పైనుంచి చిన్న తుప్పలాగానే కనిపిస్తాయి. చదును పొలం మధ్యలో ఒంటరిగా గుండ్రటి తుప్ప ఉంటే దాన్ని బావి అనే అనుకోండి. ఈ నడకలో మరొకరి పొలంలో అడుగుపెట్టే ముందు అడగడం మరువకూడదు. అడిగితే కాదన్నవారు నాకు ఇంతవరకు ఎదురుకాలేదు, చాయ్ తాగి పొమ్మన్నవారే ఎక్కువ.

చెరువులను కట్టతో గుర్తుపట్టడం

ఉత్తర తెలంగాణ మీద ఎగిరేవారికి దారి చూపేవి చెరువులే. కాని మేలో సగానికి తగ్గిన చెరువు సెప్టెంబరులో శిఖం అంతా నిండి మరో ఆకారంలో కనిపిస్తుంది. నీటి ఆకారాన్ని నమ్ముకున్నవారు దారి తప్పుతారు. మారనిది కట్ట. అందుకే మ్యాపు, దిక్సూచి తీసుకొని చెరువుల దగ్గరికి వెళ్ళి, కట్ట ఏ దిక్కుకు తిరిగి ఉంది, వంకర ఎక్కడుంది, మత్తడి ఏ చివర ఉంది అని గీసుకోవాలి. గణపతిదేవుని కాలంలో 1213 ప్రాంతంలో కట్టిన పాకాల చెరువు వరంగల్‌కు తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, రెండు గుట్టల మధ్య వేసిన కట్టతో, చుట్టూ అడవితో ఉంటుంది. లక్నవరం నీళ్ళలో దీవులున్నాయి. రామప్ప చెరువు పక్కనే 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప గుడి ఉంది. నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలతో ఆ శిఖరం కట్టారని, బరువు గురించి ఆలోచించే అలవాటున్నవారు తప్పక గుర్తు చేసుకుంటారు. ధర్మసాగర్‌కు దేవాదుల ఎత్తిపోతల నీళ్ళు చేరుతాయి కనుక ఎండాకాలంలో అది మిగతావాటికంటే నమ్మదగిన గుర్తు.

పోయే ముందు విమాన ప్రయాణానికి వేసినట్టే ప్రణాళిక వేయండి. దారిని ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కకు దిక్కు, దూరం, పట్టే సమయం రాసి, బండి మీద వెళ్తూ గడియారంతో సరిచూడండి. ఒక డబ్బాలో సర్వపిండి పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా హోటలు వెతుక్కునే పని ఉండదు. వాగు పొంగుతుంటే మాత్రం వెనక్కి తిరగాలి. 2023 జులై చివరలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది, అంటే చదరపు మీటరు నేల మీద దాదాపు 650 లీటర్ల నీళ్ళు. అదే వానకు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరే వాగులో మునిగింది. చక్రం సగం మునిగిన రోడ్డును దాటే ప్రయత్నం ఎవరూ చేయకూడదు.

ఇంట్లో కూర్చొని చేసేవి

ముసురు వదలని రోజుల్లో పల్చటి థర్మకోల్ షీటుతో చేతితో విసిరే గ్లైడర్ చేయవచ్చు. రెక్క చివరి నుంచి చివరికి 40 సెంటీమీటర్లు, వెడల్పు 8 సెంటీమీటర్లు పెట్టి, రెండు కొనలను రెండు మూడు సెంటీమీటర్లు పైకి లేపి అంటించండి. ముక్కుకు రేగడి మట్టి ముద్ద పెట్టి, రెక్క ముందు అంచు నుంచి రెండు, రెండున్నర సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్ళ మీద నిలిపితే చదునుగా నిలబడాలి. గాలి లేని వేళ నేలకు సమాంతరంగా, మెల్లగా వదలండి. ముక్కు లేపి, ఆగి, పడి, మళ్ళీ లేస్తే మట్టి కొంచెం పెంచండి. తిన్నగా నేలకు గుచ్చుకుంటే కొంచెం తీయండి. శనగగింజంత మట్టితో ఎంత తేడా వస్తుందో చూస్తే, విమానంలో వెనుక సీటు సామాను ఎందుకు తూకం వేస్తారో పిల్లలకు కూడా తెలుస్తుంది.

కుర్చీలో కూర్చొని కాక్‌పిట్ ఫోటోను గోడకు అంటించి చెక్‌లిస్టు మొత్తం చేతులతో తాకుతూ చేయడం వారానికి రెండుసార్లు తప్పనిసరి. 50 నాట్ల వేగం దగ్గర ముక్కు చక్రం లేపడం, ఇంజను ఆగితే 60 నాట్ల వేగం పట్టి పొలం ఎంచుకోవడం గొంతెత్తి పలుకుతూ చేయాలి. నేను మరిచిన ఆ మీట దగ్గర ఇప్పుడు నా చెయ్యి దానంతట అదే ఆగుతుంది. రేడియోలో అక్షరాలనూ అంకెలనూ తప్పుగా వినబడకుండా ప్రత్యేకంగా పలికే పద్ధతిని సాధన చేయడానికి హన్మకొండ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ముందున్న బండి నంబరు చాలు: టీజీ 03 అంటే ‘టాంగో గోల్ఫ్ జీరో ట్రీ’.

గునుగు పూసినప్పుడు

సెప్టెంబరు చివరికి చేల గట్ల మీద గునుగు తెల్లబడుతుంది, తంగేడు పసుపు పచ్చగా విరగబూస్తుంది, ఎంగిలిపూల బతుకమ్మకు పిల్లలు సంచులు పట్టుకొని బయలుదేరుతారు. రుతుపవనం తెలంగాణను విడిచేది అక్టోబరు రెండో వారం ప్రాంతంలో. మొదటి సారి శిక్షకుడితోనే ఎగరండి, ఎక్కే ముందు విమానం చుట్టూ రెండింతల సమయం తీసుకొని తిరగండి.

ఎదురుగాలిని పట్టి వేగం కొలిచే పీటో ట్యూబు మీద తొడుగు ఉన్నా లోపలికి టార్చిలైటు వేసి చూడాలి. వానకాలంలో మట్టిగూడు కట్టే కందిరీగకు ఆ రంధ్రం సరిగ్గా సరిపోతుంది, అది మూసుకుంటే వేగం చూపే ముల్లు అబద్ధం చెబుతుంది. తరువాత ఇంధనం. ట్యాంకు మూత అంచు నుంచి దిగిన వాన నీళ్ళు అడుగున చేరి ఉండవచ్చు. రెక్కను మెల్లగా ఊపి, కొంతసేపు ఆగి, కింది కవాటం నుంచి పారదర్శకమైన గొట్టంలోకి కొంచెం పట్టి వెలుతురుకు ఎత్తి చూడండి. అవ్‌గ్యాస్ లేత నీలం; నీళ్ళు దానికంటే బరువు కనుక అడుగున రంగు లేని పూసలా నిలబడి, గొట్టాన్ని వంచితే అటూ ఇటూ దొర్లుతుంది. గొట్టమంతా ఒకే రంగులో ఉంటే తొందరపడవద్దు, మొత్తం నీళ్ళే కూడా కావచ్చు. తెల్ల కాగితం వెనుక పెట్టి నీలం ఉందో లేదో చూసి, వాసన కూడా చూడాలి. రెండు రెక్కల నుంచీ పూస లేని నీలం వచ్చేదాకా పట్టి, అప్పుడు తలుపు తీసి ఎక్కండి.